టాటూ వేసేటప్పుడు ఎడమ చేతిని చూడండి

నమస్కారం. టాటూ వేయించుకోవడానికి వెళ్ళినవాళ్ళు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "సూది కొత్తదేనా?" అడగాల్సిందే. ప్యాకెట్ మీ కళ్ళముందే చించాలి, దానిమీద గడువు తేదీ, బ్యాచ్ నంబరు ఉండాలి. అయితే ఆ ఒక్క జవాబుతో నిశ్చింతగా కూర్చోవద్దు. నా దృష్టిలో, మంచి షాపుల్లో కూడా ఎక్కువగా జరిగే పొరపాటు సూది దగ్గర కాదు, గ్లౌజు తొడిగిన చేతి దగ్గర.

తెరమీద ఈ ఆర్టిస్టు ఎడమ చేతిని గమనించండి. చర్మాన్ని సాగదీసి పట్టుకున్నది ఆ చేయే, ఊరుతున్న రక్తాన్ని టిష్యూతో అద్దుతున్నదీ అదే. ఇప్పుడు చూడండి, ఆ చేయి పైకి వెళ్ళి లైటును కిందికి వంచింది. సబ్బునీళ్ళ సీసా నొక్కింది. ఫోను మోగితే వేలితో పక్కకు జరిపింది. గ్లౌజు ఆయన చేతిని కాపాడింది సరే, ఆ లైటుకు, సీసాకు, ఫోనుకు అంటినది ఎక్కడికి పోతుంది? తర్వాత వచ్చిన మనిషికోసం కొత్త గ్లౌజులు తొడుక్కుంటారు, మళ్ళీ అదే సీసా పట్టుకుంటారు, అదే చేత్తో పచ్చి గాయాన్ని తుడుస్తారు. కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి వైరస్ ఎండిపోయిన రక్తంలో కనీసం 7 రోజులు బతుకుతుంది. కంటికి కనిపించనంత మరక ఉన్నా చాలు.

అందుకే చేయి తగిలే ప్రతిదానికీ ప్లాస్టిక్ తొడుగు వేయాలి: మెషిన్, దాని వైరు, సీసా, లైటు పిడి. మనిషి మారగానే అవన్నీ చెత్తలోకి పోవాలి. ఆ తర్వాత బల్లను, కుర్చీని క్రిమిసంహారక ద్రావణంతో తుడవాలి. చల్లిన వెంటనే తుడిచేస్తే ప్రయోజనం లేదు. డబ్బామీద ఎన్ని నిమిషాలని రాసి ఉందో అన్ని నిమిషాలూ అక్కడ తడి ఆరకూడదు. ఈ ఓపిక చాలామందికి ఉండదు.

మధ్యలో ఇంకు అయిపోతే గ్లౌజులు విప్పి, చేతులు కడుక్కుని, కొత్తవి తొడుక్కున్నాకే సీసా ముట్టుకోవాలి. పని తెలిసినవాళ్ళు కావలసినంత ఇంకు ముందే చిన్న కప్పుల్లో పోసి పెట్టుకుంటారు. మిగిలింది పారేస్తారు. తిరిగి సీసాలో పోస్తే సీసా మొత్తం చెడినట్టే.

ఇంకు విషయంలో అమెరికాలో జరిగిన ఒక సంఘటన తప్పకుండా చెప్పాలి. 2011లో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో 19 మందికి టాటూ వేసిన చోట ఎర్రటి పొక్కులు లేచాయి. అందరికీ వేసింది ఒకే ఆర్టిస్టు. కారణం మైకోబాక్టీరియం కెలోనే అనే బ్యాక్టీరియా. మామూలు యాంటీబయాటిక్స్‌కు అది సులభంగా లొంగదు. వెతగ్గా వెతగ్గా, మూత కూడా తీయని బూడిదరంగు ఇంకు సీసాలో అది దొరికింది. ఆ ఇంకును తయారీలోనే డిస్టిల్డ్ వాటర్‌తో పలచన చేశారు, అనుమానం ఆ నీళ్ళమీదికే పోయింది. డిస్టిల్డ్ వాటర్ అంటే లవణాలు తీసేసిన నీళ్ళే తప్ప క్రిములు లేని నీళ్ళని హామీ ఏమీ లేదు. కాబట్టి షేడింగ్ కోసం ఇంకు పలచన చేయాలంటే సీలు వేసిన స్టెరైల్ వాటర్, అంటే క్రిములు లేకుండా శుద్ధి చేసిన నీళ్ళు మాత్రమే వాడాలి. మూలన ఉన్న ఇరవై లీటర్ల క్యాన్ నుంచి వంచుకుంటుంటే, దయచేసి అక్కడినుంచి లేచి వచ్చేయండి.

మళ్ళీ మళ్ళీ వాడే స్టీలు గ్రిప్పులు (మెషిన్‌ను పట్టుకునే పిడులు) ఉంటే, ముందు వాటికి అంటిన రక్తాన్ని, ఇంకును పూర్తిగా రుద్ది కడగాలి. తర్వాత ప్యాకెట్లో పెట్టి ఆటోక్లేవ్‌లో (ఒత్తిడితో కూడిన ఆవిరితో క్రిములను చంపే యంత్రం) 121 డిగ్రీల ఆవిరిలో 30 నిమిషాలు ఉంచాలి. స్పిరిట్‌తో తుడవడం, వేడినీళ్ళలో మరిగించడం దానికి సాటిరావు. సెలూన్లలో కనిపించే నీలిరంగు లైటు పెట్టె కూడా అంతే. వెలుగు పడని సందుల్లో క్రిములు అలాగే ఉంటాయి.

మన జాతరల్లో, తిరునాళ్ళలో పచ్చబొట్టు పొడిచేవాళ్ళ పొట్టకూటిని నేను తప్పుపట్టను. కానీ ఒకే సూదితో, ఒకే ఇంకు గిన్నెతో వరసగా అందరికీ పొడుస్తున్న చోట పిల్లలను కూర్చోబెట్టకండి.

ఆర్టిస్టులకు ఒక మాట. హెపటైటిస్ బి టీకా వేయించుకోండి. మొదటి డోసు తర్వాత నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. హెపటైటిస్ సి కి మాత్రం టీకా లేదు.