మందు అదే, ఎక్కించే తీరు వేరు: సెప్సిస్ రోగులపై బ్లింగ్-3 అధ్యయనం

నమస్కారం. సెప్సిస్‌తో, అంటే ఇన్‌ఫెక్షన్‌కు శరీరం అదుపుతప్పి స్పందించడంతో అవయవాలు దెబ్బతినే స్థితితో, ఐసీయూలో చేరిన రోగికి యాంటీబయాటిక్‌ను రోజుకు కొన్నిసార్లు అరగంట చొప్పున ఎక్కించడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. అదే మందును, రోజు మొత్తం మోతాదు మార్చకుండా, 24 గంటలూ సన్నని ధారగా ఎక్కిస్తే మరణాలు తగ్గుతాయా? ఈ ప్రశ్నకు జవాబు వెతికిన బ్లింగ్-3 అధ్యయనం 2024 జూన్‌లో జామా వైద్య పత్రికలో వెలువడింది. ఏడు దేశాల్లోని 104 ఐసీయూలలో 7,000 మందికి పైగా రోగులు ఇందులో ఉన్నారు.

పరీక్షించిన మందులు పిపరాసిలిన్-టాజోబాక్టమ్, మెరోపెనెమ్. బీటా-లాక్టమ్ అనే యాంటీబయాటిక్ కుటుంబానికి చెందిన ఈ మందుల విషయంలో రక్తంలో మందు ఒక్కసారిగా ఎంత పైకి చేరిందన్నది అంత ముఖ్యం కాదు; బ్యాక్టీరియాను అదుపు చేయగల కనీస స్థాయికి పైన అది ఎంతసేపు నిలిచిందన్నదే ముఖ్యం. మూత్రపిండాలు బాగా పనిచేసేవారిలో వీటి పరిమాణం దాదాపు గంటకే సగమవుతుంది. తీవ్ర అస్వస్థతలో పరిస్థితి ఇంకా చిక్కుగా ఉంటుంది: రక్తనాళాల నుంచి ద్రవం కణజాలంలోకి ఊరిపోవడంతో మందు పలచబడుతుంది, కొందరిలో మూత్రపిండాలు మామూలు కంటే వేగంగా దాన్ని బయటికి పంపేస్తాయి, మరికొందరిలో అవే చతికిలబడి మందు పేరుకుపోతుంది. పక్కపక్క మంచాల మీద ఉన్న ఇద్దరికి ఒకే మోతాదు ఇచ్చినా రక్తంలో దాని స్థాయి ఒకేలా ఉండదు. 2014లో వెలువడిన డాలీ అధ్యయనంలో, ఇన్‌ఫెక్షన్‌కు చికిత్స పొందుతున్న రోగుల్లో 16 శాతం మందికి, రెండు మోతాదుల మధ్య కాలంలో సగం సేపైనా మందు ఆ కనీస స్థాయికి పైన నిలవలేదు.

ఇక బ్లింగ్-3 ఫలితాలు. 90 రోజుల్లోపు మరణాలు ధారగా ఎక్కించిన వర్గంలో 24.9 శాతం, విడతలుగా ఇచ్చిన వర్గంలో 26.8 శాతం. పద్ధతుల మధ్య నిజంగా తేడా లేకపోయినా యాదృచ్ఛికంగా ఇంత అంతరం కనిపించే అవకాశం 8 శాతం; ముందే పెట్టుకున్న హద్దు 5 శాతం కాబట్టి గణాంకపరంగా ఇది నిరూపణ కాలేదు. అంతమాత్రాన దీన్ని విఫలమైన అధ్యయనమని కొట్టిపారేయడం నాకు సమ్మతం కాదు. 14 రోజులకు ఇన్‌ఫెక్షన్ నయమైనవారు మొదటి వర్గంలో 55.7 శాతం, రెండో వర్గంలో 50 శాతం. ఈ తేడా స్పష్టమైనదే. అదే సమయంలో వెలువడిన మరో విశ్లేషణ 18 అధ్యయనాలను, 9,108 మంది రోగులను కలిపి చూసి, ఎక్కువసేపు ఎక్కించే పద్ధతి మరణాలను తగ్గిస్తుందనడానికి 99.1 శాతం సంభావ్యత ఉందని తేల్చింది. ఆ రోగుల్లో అత్యధికులు బ్లింగ్-3 నుంచి వచ్చినవారేనన్న సంగతి మాత్రం మరువరాదు.

రెండు శాతం అంటే చిన్న అంకెలా అనిపించవచ్చు. కానీ ఆ తేడా నిజమైతే, సుమారు 50 మందికి ఇలా మందు ఎక్కించినప్పుడు ఒక ప్రాణం అదనంగా నిలుస్తుంది, అదీ అదనపు మందేదీ లేకుండానే.

ఆచరణలో జాగ్రత్తలు అవసరం. రక్తంలో మందు త్వరగా తగిన స్థాయికి చేరేందుకు మొదట ఒక పూర్తి మోతాదు ఇచ్చి, ఆ తర్వాతే ధార మొదలుపెట్టాలి. కలిపిన మెరోపెనెమ్ గది ఉష్ణోగ్రతలో రోజంతా నిలకడగా ఉండదు కనుక సంచిని మధ్యలో మార్చాలి. మందును నిర్ణీత వేగంతో ఎక్కించే ఇన్‌ఫ్యూజన్ పంపుతో పాటు చాలాసార్లు ఆ మందుకే ఒక ఐవీ లైన్‌ను (నరంలోకి మందు పంపే గొట్టాన్ని) కేటాయించవలసి వస్తుంది. రక్తపోటును నిలిపే మందులు, నిద్రమత్తు మందులు ఒకేసారి వెళుతున్న రోగికి అది సులభంగా దొరికేది కాదు.