టెన్నెసీ: మౌతార్గాన్‌లో రైలు

[తెర చీకటి. దూరం నుంచి రైలు వస్తున్న చప్పుడు.]

ఇది నిజం రైలు కాదు, మౌతార్గాన్. వాయిస్తున్నది డిఫోర్డ్ బెయిలీ. చిన్నప్పుడు పోలియో రావడంతో ఐదడుగులు కూడా ఎదగని నల్లజాతి యువకుడు. 1927 డిసెంబర్ 10, శనివారం రాత్రి. అమెరికా దక్షిణాదిలోని టెన్నెసీ రాష్ట్రం, నాష్‌విల్ నగరం, డబ్ల్యూఎస్ఎమ్ రేడియో స్టేషన్.

అంతకుముందు గంటసేపు పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వచ్చింది. అనౌన్సర్ జార్జ్ హే అందుకుని, ఇంతవరకు గ్రాండ్ ఒపెరా (పాశ్చాత్యుల సంగీత నాటకం) విన్నారు, ఇక మన 'గ్రాండ్ ఓల్ ఆప్రీ' వినండి అంటూ ఒపెరా అనే మాటను పల్లెటూరి యాసలో విరిచి పలికాడు. ఎగతాళికి అన్న మాట కాస్తా పేరైపోయింది. ఆ పల్లెపాటల కార్యక్రమం నేటికీ నడుస్తోంది.

[1920 నాటి శాసనసభ ఫొటో. కోట్లకు గులాబీలు.]

కొంచెం వెనక్కి వెళ్దాం. 1920 ఆగస్టులో దేశమంతా ఈ రాష్ట్రం వైపే చూసింది. మహిళలకు ఓటు హక్కు రావాలంటే ఇంకొక్క రాష్ట్రం ఒప్పుకోవాలి. అనుకూలురు పసుపు గులాబీ పెట్టుకున్నారు, వ్యతిరేకులు ఎర్ర గులాబీ. హ్యారీ బర్న్ అనే 24 ఏళ్ల సభ్యుడు ఎర్ర గులాబీతోనే వచ్చి, ఓటు మాత్రం మహిళలకు వేశాడు. జేబులో వాళ్లమ్మ రాసిన ఉత్తరం ఉంది మరి!

ఐదేళ్లకు మళ్లీ టెన్నెసీ పేరు మోగింది. ఈసారి పరువు పోయేలా. పరిణామ సిద్ధాంతం బడిలో చెప్పకూడదని చట్టం చేశారు. ఆ రాష్ట్రంలోని డేటన్ అనే ఊరి పెద్దలు మందుల షాపులో కూర్చుని, ఊరికి పేరొస్తుందని, జాన్ స్కోప్స్ అనే టీచర్‌ను ఒప్పించి మరీ కేసు పెట్టించారు. ఆయనకూ 24 ఏళ్లే. జరిమానా 100 డాలర్లు. విచారణను చికాగో స్టేషన్ ఒకటి రేడియోలో లైవ్‌గా వినిపించింది. నన్నడిగితే తీర్పు కంటే ఇదే పెద్ద విషయం.

[నాష్‌విల్ పార్థెనాన్.]

ఎందుకంటే అదే 1925లో నాష్‌విల్‌లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీ డబ్ల్యూఎస్ఎమ్ పెట్టింది. 'లక్షలమందికి మేం రక్ష' అనే అర్థం వచ్చే కంపెనీ నినాదంలోని మొదటి అక్షరాలే ఆ పేరు. ఇంటింటికీ తిరిగి చిన్న చిన్న పాలసీలు అమ్మే ఏజెంట్లకు శనివారం రాత్రి పాటలు బాగా పనికొచ్చాయి. ఊళ్లో పెద్దమనుషులకు మాత్రం తలకొట్టేసినట్టయింది. తమ నగరం 'దక్షిణాది ఏథెన్స్' అని చెప్పుకుంటూ ఏథెన్స్‌లోని పురాతన గ్రీకు గుడి పార్థెనాన్‌కు నకలును కాంక్రీటుతో కట్టించుకుంటున్న రోజులవి. అలాంటి ఊరి నుంచి నాటు ఫిడేలు వినిపించడమా!

తమాషా ఏమిటంటే, ఆ నాటుదనం కూడా కొంత వేషమే. హంఫ్రీ బేట్ నిజంగా వైద్యుడు. సూటు వేసుకునే ఆ డాక్టరుగారి బృందానికి జార్జ్ హే 'పోసమ్ హంటర్స్' అని పేరు పెట్టాడు, అంటే అడవి జంతువుల వేటగాళ్లని. ఫొటోలకు పల్లెటూరి వేషం కట్టించాడు. పల్లెలు ఖాళీ అవుతుంటే, పట్నంలో పల్లెను తయారుచేసి అమ్మారన్నమాట.

[నోరిస్ డ్యామ్.]

తర్వాత కరెంటు. 1933లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్, ఆనకట్టలు కట్టి కరెంటు ఇచ్చే ప్రభుత్వ సంస్థ టెన్నెసీ వ్యాలీ అథారిటీని పెట్టారు. మన దామోదర్ వ్యాలీ కార్పొరేషన్‌కు నమూనా అదే. మొదటి ఆనకట్ట నోరిస్, 1936కల్లా పూర్తయింది. దానికోసం దాదాపు 2,900 కుటుంబాలు ఊళ్లు వదిలాయి. 5,000 పైగా సమాధులను తవ్వి వేరేచోటికి మార్చారు. శ్రీశైలం ముంపు గ్రామాల వాళ్లకు ఈ కథ విడమరిచి చెప్పక్కర్లేదు. పనివాళ్ల కోసం పక్కనే నోరిస్ అని కొత్త ఊరు కట్టారు. ముచ్చటైన ఇళ్లు, ఇంట్లో కరెంటు. నల్లవాళ్లకు మాత్రం అక్కడ ఇల్లివ్వలేదు.

బెయిలీ సంగతీ అంతే. రేడియోలో ఆయన మౌతార్గాన్ తెల్లవాళ్ల ఇళ్లలోకి వెళ్లేది. బృందంతో ఊళ్లు తిరిగేటప్పుడు ఆయనకు హోటల్లో గది ఇచ్చేవాళ్లు కాదు. 1941లో పాటల హక్కుల గొడవ వచ్చి, జనం అడిగే పాత పాటలు రేడియోలో వాయించడానికి వీల్లేకపోయింది. ఆ ఏడాదే ఆయన్ని తీసేశారు. ఆ తర్వాత నాష్‌విల్‌లోనే షూ పాలిష్ షాపు నడుపుకున్నారు.

2005లో ఈ పల్లె సంగీతపు గొప్పవాళ్లను గౌరవించే కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన పేరు చేర్చారు. అప్పటికి ఆయన పోయి 23 ఏళ్లు.

[మళ్లీ రైలు చప్పుడు. మెల్లగా దూరమవుతుంది.]