గట్టు మీద గునుగు

(హన్మకొండలో ఒక మహిళా కళాశాల నిర్వహించిన పూల అలంకరణ శిక్షణ శిబిరం ముగింపు నాడు చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, ప్రిన్సిపాల్ మేడమ్ గారికి, మూడు రోజులుగా ఓపికగా నేర్పిన శిక్షకులకు, నేర్చుకున్న ఆడపిల్లలకు, వెనక తలుపు దగ్గర నిలబడి వింటున్న మాలీ అన్నకు నమస్కారం. అన్నా, లోపలికి వచ్చి కూర్చో. ఇవాళ నేను మాట్లాడేది నీ పని గురించే.

నాకిచ్చిన అంశం "ఋతువుల వారీగా పూలతోట, పూల అలంకరణ". ఆరు ఋతువులకు ఆరు కాగితాలు రాసుకొచ్చాను. ముప్పై రెండేళ్లు బడిలో జీవశాస్త్రం చెప్పినదాన్ని, కాగితం లేకుండా నిలబడటం నాకు చేతకాదు.

మొదటి కాగితం, వసంతం. మోదుగతో మొదలవుతుంది. హోలీకి వారం ముందు నుంచే మా ఊరి గుట్ట మీద ఆకు ఒక్కటి కనిపించేది కాదు, చెట్టంతా పువ్వే. ఆ పూలు రాత్రి నానబెట్టి పొద్దున మరిగిస్తే రంగు దిగేది. మేము చల్లుకున్నది అదే. ఒంటికి పట్టినా, బావి గట్టున ఒలికినా భయం లేని రంగు. ఈ రంగు మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను. ఆ తర్వాత వేపపువ్వు. ఉగాది నాడు ప్రతి ఇంటికీ కావలసిన ఆ పువ్వును ఎవరూ నాటి పెంచరు, ఎవరూ నీళ్లు పొయ్యరు. మన పండుగల్లో సగం పూలు ఇట్లాంటివే. పెంచినవి కావు, ఉండనిచ్చినవి. నిజం చెప్పాలంటే నేను ఇవాళ వచ్చింది ఈ "ఉండనిచ్చిన" పూల కోసం.

రెండోది గ్రీష్మం, మల్లె. ఇంట్లో మల్లెచెట్టు ఆకుతో ఏపుగా ఉండి పువ్వు పట్టకపోతే తప్పు ఎండాకాలంలో వెతకొద్దు, చలికాలంలో వెతకాలి. నవంబరు, డిసెంబరులో నీళ్లు తగ్గించి, కొమ్మలు కత్తిరించి, ఆకు దూసెయ్యాలి. మా అమ్మ ఆకు దూసే ఓపిక లేకపోతే మేకను విడిచేది, పొద్దు గూకేసరికి చెట్టు బోడి అయ్యేది. ఆ తర్వాత ఎరువేసి నీళ్లు పెడితే కొత్త చిగురుతోపాటే మొగ్గ వచ్చేది.

మూడోది వర్షఋతువు. మనం ఇప్పుడు దాని వాకిట్లో ఉన్నాం. మృగశిర దాటింది, ఆరుద్ర నడుస్తోంది. దసరాకు బంతిపూలు కావాలంటే నారు పోసేది ఇప్పుడే. నెల నాటికి నారు తీసి నాటాలి, నాటిన నెలకు తలలు తుంచాలి, తుంచితేనే పక్క కొమ్మలు వేస్తుంది. నాటిన రెండు నెలలకు పువ్వు. అధికమాసం వచ్చిన ఏడు పండుగ వెనక్కి జరుగుతుంది కాబట్టి పంచాంగం చూసి నారు పొయ్యాలి. బంతి అందానికి మాత్రమే పనికొస్తుందనుకోకండి. టమాట తోటలో 16 సాళ్లకు ఒక సాలు బంతి పెట్టమంటారు. కాయ తొలిచే పురుగు టమాటను వదిలి బంతిమొగ్గ మీదికి పోయి గుడ్లు పెడుతుంది. బంతివేరు మట్టిలోని నులిపురుగులను అణుస్తుంది. మన బంతి ఇక్కడ పుట్టింది కాదు, మెక్సికో నుంచి సముద్రం దాటి వచ్చింది. అక్కడివాళ్లు నవంబరు మొదట్లో చనిపోయిన పెద్దలకు ఇదే పువ్వు పెడతారు. మనం బతుకమ్మ మొదలుపెట్టేది పెద్దల అమావాస్య నాడు. ఇది తెలిసిన రోజు నాకు ఎందుకో కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

నాలుగో కాగితం శరత్తు. దాని దగ్గరికి రాకముందే ఒక మాట చెప్పాలి. ఇది కాగితంలో లేదు.

పొద్దున మీరు పెట్టిన బల్లలన్నీ తిరిగి చూశాను. చేతుల్లో మంచి పనితనం ఉంది, సందేహం లేదు. కానీ ప్రతి బల్ల మీదా పువ్వుల కింద ఆ ఆకుపచ్చ ఇటుక ఉంది. నీళ్లు పీల్చుకొని, గుచ్చిన కాడను గుచ్చినచోటే పట్టుకునే ఫోమ్. మిమ్మల్ని తప్పుపట్టడానికి అనట్లేదు. ఆ తప్పు నేనే చేశాను, అది చెప్పడానికి అంటున్నాను.

మా చిన్నమ్మాయి పెళ్లికి మంటపం అలంకరణ ఒక డెకరేటర్‌కు ఇచ్చాం. అన్నీ జెర్బెరాలు, కార్నేషన్లు, బెంగళూరు వైపు నుంచి రాత్రికి రాత్రి లారీలో వచ్చినవి. చూడటానికి బాగున్నాయి. తెల్లారి చూస్తే మంటపం వెనక తడి ఇటుకలు గోనెసంచీలకొద్దీ పడున్నాయి. పారెయ్యడానికి నాకు మనసు రాలేదు. ఇంత నీళ్లు పట్టుకునే వస్తువు మొక్కలకు మంచిదే కదా అనుకొని, ఇంటికి తెచ్చి, చేత్తో నలిపి, డాబా మీద ఉన్న నలభై కుండీల్లోనూ కలిపాను. సైన్సు టీచర్ని! అది దేనితో చేశారని ఒక్కసారి కూడా అడగలేదు.

రెండేళ్ల తర్వాత మట్టి మారుద్దామని కుండీలు దిమ్మరించాను. వేసిన ఆకు, పేడ, టీపొడి, కోడిగుడ్డు పెంకులు అన్నీ మట్టిలో కలిసిపోయాయి. ఆ ఆకుపచ్చ పొడి మాత్రం నలిపిననాడు ఎట్లా ఉందో అట్లాగే ఉంది. చేతిలోకి తీసుకుంటే గోళ్ల సందుల్లో ఇరుక్కుంది. అప్పుడు చదివాను. ఫినాల్, ఫార్మాల్డిహైడ్ కలిపి చేసే ప్లాస్టిక్ అది. కుళ్లదు, చిన్న రేణువులుగా విరుగుతూ పోతుంది అంతే. లండన్‌లో ఏటా జరిగే చెల్సీ పూల ప్రదర్శనలో 2021 నుంచి దాన్ని రానివ్వట్లేదు. నేను ఆ మట్టిని ఏం చెయ్యాలో తెలియక ఇప్పటికీ బస్తాల్లో కట్టి మెట్ల కింద పెట్టుకున్నాను. తోటలో పొయ్యలేను, మోరీలో పొయ్యలేను.

మరి కాడ దేనిలో గుచ్చాలి అని అడుగుతారు. ఈ ఊళ్లో ఆ ప్రశ్న అడగాల్సిన పని లేదు. ఇది వేయిస్తంభాల గుడి ఉన్న ఊరు. బతుకమ్మ మొదటి రోజు, ఎంగిలిపూల నాడు, ఆ గుడి ముందు ఎన్ని వేల బతుకమ్మలు దిగుతాయో మీరందరూ చూసినవాళ్లే. ఒక్కదానిలోనైనా ఇటుక ఉందా? 

బతుకమ్మను పేర్చే తీరు మీరు చిన్నప్పటి నుంచి చూస్తున్నారు, ఒకసారి టీచరు కళ్లతో చూడండి. తాంబాళం మీద గుమ్మడాకులో, ఆముదపాకులో పరుస్తాం. తంగేడును కట్టలుగా కట్టి, పువ్వు బయటికి, కాడ లోపలికి వచ్చేటట్టు చుట్టూ పెడతాం. నడుమ ఖాళీలో ఏం నింపుతాం? కోసిన గునుగు కాడలు, తంగేడు రెబ్బలు, మిగిలిన ఆకు. అరచేత్తో గట్టిగా అదుముతాం. దాని మీద గునుగు వరుస, మళ్లీ నడుమ నింపడం, మళ్లీ అదమడం. బంతి, కట్ల, సీతజడ, ఒక్కో వరుసకు చుట్టు తగ్గుతూ పోతుంది. పై వరుస బరువే కింది వరుస కాడలను బిగించి పట్టుకుంటుంది. లోపలి పచ్చి ఆకు తడే కాడలను వాడకుండా చూస్తుంది. చెత్త అని పారేసేదే దానికి వెన్నెముక. చివర గుమ్మడిపువ్వు, అందులో పసుపు గౌరమ్మ. అడుగు నుంచి కొన దాకా మట్టిలో కలవనిది ఒక్కటి లేదు.

ఇంకొక మాట. ఎంగిలిపూలు అని ఎందుకంటారని నానమ్మను అడిగితే, "ముందటి రోజు తెంపి రాత్రంత నీళ్లల్ల పెడ్తం గద బిడ్డా, ఎంగిలైనయి" అనేది. ఈ పేరుకు వేరే కథలు కూడా చెప్తారు. నాకు మాత్రం నానమ్మ చెప్పిందే ఇష్టం, ఎందుకంటే మొన్న మీ శిబిరంలో మొదటి పాఠం అదే చెప్పారు. పువ్వును కోసిన వెంటనే వాడొద్దు, కాడ కొంచెం కత్తిరించి కొన్ని గంటలు లోతు నీళ్లలో ఉంచాలి అని. అది ఒక పండుగ రోజుకు పేరుగా నిలిచిపోయిన పని. 

బతుకమ్మ పేర్చినట్టు వేదికను పేర్చలేం అంటారేమో. అరటిబోదె ఉంది కదా. అడుగు పొడుగు ముక్క కోసి పడుకోబెట్టి, పుల్లతో బెజ్జం చేసి కాడ గుచ్చండి. దాని ఒంటినిండా నీళ్లే. సాయంత్రానికి పని అయిపోతే ముక్కలు చేసి ఎరువుగుంతలో వెయ్యండి. ఇత్తడి గిన్నెలో తడి ఇసుక పోసినా నిలుస్తుంది. సన్నపుల్లల కట్టను చెంబులో బిగించి దాని సందుల్లో పెట్టినా నిలుస్తుంది. 

ఇప్పుడు శరత్తు. సగం సమయం అయిపోయిందని మేడమ్ గారు చీటీ పంపారు, చూశానమ్మా. మిగతా కాగితాలు పక్కన పెడుతున్నాను. ఒక్క సంగతి చెప్పుకోనివ్వండి.

నాలుగేళ్ల కింద, ఎంగిలిపూలకు ముందురోజు, సంచీ పట్టుకొని మా ఊరికి పోయాను. మా తమ్ముడు పత్తి వేస్తాడు. మా చేనికీ పక్క చేనికీ నడుమ పెద్దగట్టు ఉంది. నేను పుట్టినప్పటి నుంచి ఆ గట్టు మీద గునుగు నడుములెత్తు ఉండేది. తెల్లగా, కొనలు కొంచెం గులాబిరంగు, గాలికి అన్నీ ఒక్క దిక్కు వంగేవి. లేత గునుగాకు అమ్మ కూర వండేది. ఆ రోజు పోయి చూస్తే గట్టంతా ఎర్రగా మాడిపోయి ఉంది. గడ్డి లేదు, గునుగు లేదు, పురుగు చప్పుడు కూడా లేదు. వారం కింద గడ్డిమందు కొట్టాడట.

నేను అక్కడే కూలబడ్డాను. తమ్ముడి మీద అరిచాను. వాడు చాలాసేపు ఊకున్నడు. తర్వాత అన్నాడు: "నువ్వు ఏడాదికొక్కసారి వస్తవక్కా, పువ్వు తెంపుకొని పోతవ్. దాని గింజ నా చేన్ల పడ్తది. కలుపు తీద్దామంటే కూలోళ్లు దొరుకుతలేరు. నన్నేం జెయ్యమంటవ్?"

నా దగ్గర జవాబు లేదు. వాడన్నది నిజం. గునుగు మనకు పువ్వు, రైతుకు కలుపు. ఒక్క మొక్క రాల్చే గింజలు లెక్కపెట్టలేం. పట్నంలో కూర్చొని "ఆహా గునుగు, ఓహో తంగేడు" అని పాడుకుంటాం, 2014 నుంచి బతుకమ్మ రాష్ట్ర పండుగ, తంగేడు రాష్ట్ర పుష్పం అని గర్వపడతాం. ఆ పువ్వు పూసే గట్టును కాపాడే బరువంతా కలుపుకూలి ఇచ్చుకోలేని రైతు మీద పెడతాం. తంగేడు పూసే బీళ్లకు రాళ్లు పాతి ప్లాట్లు చేసి అమ్ముతాం. అమ్మా, మీలో ఎంతమంది నాన్నలు వ్యవసాయం చేస్తారు? చేతులెత్తండి. చూశారా, సగం పైన. అందుకే ఇది మీకే చెప్పాలని వచ్చాను.

ఆ రాత్రి నేను, తమ్ముడు, మరదలు కూర్చొని ఒక ఒప్పందం చేసుకున్నాం. చేనులో మందు వాడి ఇష్టం. పెద్దగట్టు ఒక్కటి మాత్రం ముట్టొద్దు. దానికి బదులు గింజ రాలకముందే గట్టు మీది గునుగు తలలన్నీ కోసుకుపోయే పూచీ నాది. ఏడాదికొక్కసారి కాదు, భాద్రపదంలో ఒకసారి, పండుగకు ఒకసారి, పండుగ దాటాక ఒకసారి. నాలుగేళ్లుగా పోతున్నాను. మొదటి ఏడు పదిపదిహేను మొక్కలే వచ్చాయి. పోయిన ఏడు నా ఒక్కదాని చేత కాలేదు, మా వీధి ఆడవాళ్లు ఆరుగురు ఆటో మాట్లాడుకొని వచ్చారు. మరదలు అందరికీ మక్కగారెలు చేసి పెట్టింది. కోసిన గునుగు నీడలో తలకిందులుగా వేలాడదీస్తే నెలలపాటు రాలదు, చెదరదు. సంక్రాంతి దాకా మా ఇంట్లో కుండనిండా అదే అలంకరణ.

రంగు మాట మళ్లీ వస్తానన్నాను కదా. మార్కెట్లో కొనే గునుగు నీలం, ఆకుపచ్చ, ముదురు గులాబి రంగుల్లో ముంచి ఉంటుంది. బట్టలకు వాడే రంగులు. బతుకమ్మ చివరి రోజైన సద్దుల నాడు పూలు విడిచాక, పద్మాక్షి గుట్ట కింద నీళ్లు మరునాడు ఎట్లా ఉంటాయో పోయి చూడండి. బతుకమ్మ పూలు చెరువును శుభ్రం చేస్తాయని చాలామంది రాస్తున్నారు. ఆ మాట నేను చెప్పను. పువ్వు ఏదైనా కుళ్లేటప్పుడు నీళ్లలోని ప్రాణవాయువును వాడుకుంటుంది. ఊరికొక పెద్ద చెరువు, వాడకొక చిన్న బతుకమ్మ ఉన్న రోజుల్లో చెరువు దాన్ని భరించింది. ఇప్పుడు పోటీలు పడి నిలువెత్తు బతుకమ్మలు, లోపల థర్మాకోల్, బయట రంగు. పసుపు గౌరమ్మను, గుప్పెడు పూలను నీళ్లలో విడిచి, మిగతాది ఒడ్డున ఒక కుప్ప వేస్తే మూడు నాలుగు నెలల్లో మంచి ఎరువు. రంగు కావాలంటే మోదుగ ఉంది, పసుపు ఉంది. తెల్ల గునుగు తెల్లగా ఉంటే తప్పేముంది? తంగేడు పక్కన తెలుపే కదా దానికి అందం.

హేమంతం, శిశిరం రెండు ముక్కల్లో చెప్పేస్తాను. చామంతి పగలు కురచయితేనే పూస్తుంది, అందుకని వీధిదీపం వెలుగు పడేచోట కుండీ పెట్టొద్దు. సంక్రాంతి గొబ్బెమ్మల మీదికి గుమ్మడిపువ్వు కావాలంటే మగపువ్వే తెంపండి, పిందె ఉన్నది వదిలెయ్యండి. చాలు.

ఈ సంచీలో కాగితం పొట్లాలున్నాయి. పెద్దగట్టు మీది గునుగు గింజ, నల్లగా మెరుస్తుంది, ఆవాల కంటే సన్నం. కొంచెం ఇసుక కలిపి మట్టి మీద చల్లి, పైన పలచగా మట్టి దులపండి, లోతు పెట్టొద్దు. ఇప్పుడు చల్లితే పండుగకు అందుతుంది. తల ఎండి గింజ రాలకముందే కొయ్యండి, వచ్చే ఏటికి దాచండి, పక్కింటి చేనులో పడనియ్యొద్దు. తంగేడు గింజ కూడా కొంచెం తెచ్చాను. దాని పెంకు గట్టిది, వేడినీళ్లు పోసి రాత్రంతా నానబెట్టాలి. మొదటి ఏడు పువ్వు కోసం చూడొద్దు. చేతులెత్తిన పిల్లలు ఒక్కొక్కరు రెండేసి పొట్లాలు తీసుకోండి, ఒకటి ఇంటికి, ఒకటి నాన్న గట్టుకు. నాన్నతో పోట్లాడకండి, నేను తమ్ముడితో చేసుకున్న ఒప్పందం చెప్పండి, కోసుకుపోయే పూచీ మీరు తీసుకోండి.

మాలీ అన్నా, మొదటి పొట్లం నీది. బోరింగు వెనక ప్రహరీ పొడుగునా ఖాళీ జాగా ఉంది, పొద్దున వస్తూ చూశాను. అక్కడ ఎండ బాగా తగులుతుంది. మబ్బు పట్టింది, సాయంత్రం లోపల చల్లెయ్యి.