ఈస్టర్ తెల్లవారుజామున చంద్రుడు ఎక్కడుంటాడు?

తమ్ముడు: అందరికీ నమస్కారం. ఈరోజు నాతో మాట్లాడటానికి మా అక్క వచ్చింది. ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతుంది. అక్కా, సమాధుల దగ్గర నువ్వు నాకు చూపించిన దాంతోనే మొదలుపెడదాం.

అక్క: 2025 ఏప్రిల్ 20, ఈస్టర్. తెల్లవారుజామున నాలుగున్నరకే నువ్వూ, నేనూ, అమ్మా కలిసి నాన్న సమాధి దగ్గరికి వెళ్లాం. ముందురోజే సున్నం వేయించాం కదా, ఆ తడి వాసన ఇంకా పోలేదు. కొవ్వొత్తులు వెలిగిస్తుంటే గాలికి ఆరిపోతున్నాయి. నువ్వు చెయ్యి అడ్డం పెట్టావు. నేను ఊరికే తలెత్తాను. దక్షిణాన చంద్రుడు, సగానికి కాస్త ఎక్కువగా. ఎన్నేళ్లుగా వస్తున్నామో, ఎప్పుడూ గమనించనే లేదు. ఏ సంవత్సరమైనా సరే, మబ్బు పట్టకపోతే ఈస్టర్ తెల్లవారుజామున చంద్రుడు ఆకాశంలో ఉంటాడురా.

తమ్ముడు: ప్రతి ఏడాదీనా?

అక్క: ప్రతి ఏడాదీ. ఈస్టర్ లెక్కే అలాంటిది. మార్చి 21న గానీ, ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పౌర్ణమి చూడాలి. అది దాటాక వచ్చే ఆదివారమే ఈస్టర్. పౌర్ణమి ఆదివారం నాడే పడితే పండుగ పై ఆదివారానికి వెళ్తుంది. కాబట్టి ఈస్టర్ నాటికి పౌర్ణమి అయిపోయి ఇంచుమించు వారంలోపే ఉంటుంది. బహుళ పక్షంలో ఆ రోజుల్లో చంద్రుడు రాత్రి పొద్దుపోయాక ఉదయించి, తెల్లారేదాకా ఉంటాడు.

తమ్ముడు: మార్చి 21 అంటే పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజు.

అక్క: అదే, విషువత్తు. ముందు సూర్యుడు, తర్వాత చంద్రుడు, ఆ తర్వాత వారం. మూడూ కుదరాలి. అందుకే మార్చి 22 నుంచి ఏప్రిల్ 25 దాకా ఎప్పుడైనా రావచ్చు. భస్మ బుధవారం, మట్టలాదివారం, గుడ్ ఫ్రైడే అన్నీ దాని వెనకే కదులుతాయి. పౌర్ణమి ఎందుకంటే, యూదుల పస్కా పౌర్ణమికి వస్తుంది, యేసు సిలువ మరణం ఆ పండుగ రోజుల్లోనే జరిగింది. చర్చి వాళ్లు ఏటా ఆకాశం చూసి చెప్పేవాళ్లు కాదు, పట్టికలు వేసుకున్నారు. 19 ఏళ్లకు 235 చాంద్రమాసాలు దాదాపు సరిగ్గా సరిపోతాయి. మన పంచాంగంలో 19 ఏళ్లకు ఏడు అధిక మాసాలు వచ్చేది కూడా ఈ లెక్కవల్లే.

తమ్ముడు: క్రిస్మస్ మాత్రం కదలదు. దాని మీద ప్రతి డిసెంబర్‌లో నాకో వాట్సాప్ ఫార్వర్డ్ వస్తుంది. రోమన్ల సూర్యుడి పండుగను క్రైస్తవులు ఎత్తుకుపోయారని.

అక్క: ఆ ఫార్వర్డ్ నాకూ వస్తుంది. చదివినప్పుడల్లా బాధేస్తుంది, ఎందుకంటే అసలు కథ దానికంటే ఎంతో బాగుంటుంది. కొందరు అది సాటర్నేలియా అనే రోమన్ పండుగ అంటారు. అది డిసెంబర్ 17న మొదలై 23కి అయిపోయేది. 25కీ దానికీ సంబంధం లేదు. సోల్ ఇన్‌విక్టస్, అంటే ఓటమి ఎరుగని సూర్యుడు, అది మాత్రం ఆలోచించాల్సిన విషయమే. ఆరీలియన్ చక్రవర్తి క్రీ.శ. 274లో ఆ దేవుడికి రోమ్‌లో గుడి కట్టించాడు. కానీ డిసెంబర్ 25న సూర్యుడి పుట్టినరోజు అన్నదానికి మనకు దొరికే పాత ఆధారం 354లో తయారైన ఒక క్యాలెండర్ పుస్తకం. ఆ రోజున 30 రథాల పందేలు అని రాసి ఉంది. అదే పుస్తకంలో ఇంకో జాబితాలో, అదే తేదీకి, క్రీస్తు బేత్లెహేములో పుట్టాడని ఉంది.

తమ్ముడు: రెండూ ఒకే పుస్తకంలోనా! అయితే ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నట్టు?

అక్క: ఇంకో దారి కూడా ఉంది. దాదాపు 200 నాటికే టెర్టుల్లియన్ అనే క్రైస్తవ రచయిత యేసు సిలువ మరణాన్ని మార్చి 25కి లెక్కగట్టాడు. యేసు గర్భంలో పడ్డదీ అదే తేదీన అన్న నమ్మకం ఉండేదని అగస్టీన్ అనే పాతకాలపు బిషప్ రాతల్లో కనిపిస్తుంది. మార్చి 25కి తొమ్మిది నెలలు కలుపు.

తమ్ముడు: డిసెంబర్ 25.

అక్క: నాకు ఈ దారే ఎక్కువ బలంగా అనిపిస్తుంది. అయినా ఇక్కడా సూర్యుడు తప్పించుకోలేదు చూడు. పాత రోమన్ క్యాలెండర్‌లో విషువత్తు మార్చి 25, ఏడాదిలో అతి పొట్టి పగలు డిసెంబర్ 25. బాప్తిస్మమిచ్చే యోహాను పండుగేమో జూన్ 24. అంటే పగళ్లు తగ్గడం మొదలయ్యే వేళ. బైబిల్‌లో యేసు గురించి యోహాను అన్న మాట గుర్తుందా? "ఆయన హెచ్చవలసియున్నది, నేను తగ్గవలసియున్నది." అగస్టీన్ తన ప్రసంగాల్లో ఈ మాటను పగళ్ల పెరుగుదలకూ తగ్గుదలకూ ముడిపెట్టి చెప్పాడు. అది చదివిన రోజు నేను చాలాసేపు ఇంకేమీ చదవలేకపోయాను. మలాకీ గ్రంథంలో "నీతి సూర్యుడు ఉదయించును" అని చిన్నప్పటి నుంచీ వింటున్నాం కదా. రోమ్‌లో సెయింట్ పీటర్స్ చర్చి కింద ఒక పాత సమాధి గదిలో క్రీస్తును రథం మీద, తల చుట్టూ కిరణాలతో, సూర్యుడిలాగే చూపించిన మొజాయిక్ ఉంది.

తమ్ముడు: జనం సూర్యుడికే దండం పెట్టేసే ప్రమాదం లేదా?

అక్క: ఉండేది, పెట్టారు కూడా. అయిదో శతాబ్దంలో లియో అనే పోపు క్రిస్మస్ ప్రసంగంలోనే మందలించాడు. సెయింట్ పీటర్స్ మెట్లెక్కి, పైన వెనక్కి తిరిగి ఉదయించే సూర్యుడికి తల వంచుతున్నారని.

తమ్ముడు: ఇటలీలోని బొలోన్యా చర్చి సంగతి కూడా చెప్పు, టైమ్ అయిపోతోంది.

అక్క: అది చెప్పకుండా నన్ను పంపకు! రోమన్ల కాలం నుంచీ వాడిన జూలియన్ క్యాలెండర్‌లో ఏడాది అసలు కంటే సుమారు 11 నిమిషాలు ఎక్కువ. వందల ఏళ్లకు అది పోగై, పదహారో శతాబ్దానికి విషువత్తు మార్చి 11కి జారింది. దాంతో ఈస్టర్ లెక్క తప్పింది. 1582లో పదమూడో గ్రెగరీ పోపు పది రోజులు తీసేశాడు. అక్టోబర్ 4 తర్వాతి రోజు 15. మరి విషువత్తు నిజంగా ఎప్పుడొస్తుందో కొలవాలంటే పెద్ద చీకటి హాలు కావాలి. చర్చి కంటే పెద్ద హాలు ఎక్కడుంది? బొలోన్యాలోని సాన్ పెట్రోనియో చర్చిలో 1655లో కసీని అనే ఖగోళ శాస్త్రవేత్త 27 మీటర్ల ఎత్తున ఒక రంధ్రం పెట్టించి, నేల మీద దాదాపు 67 మీటర్ల గీత గీయించాడు.

తమ్ముడు: ఆ రంధ్రంలోంచి ఎండ పడుతుంది.

అక్క: మిట్ట మధ్యాహ్నం ఒక వెలుగు బిళ్ల రాతి నేల మీద పాకుతూ వచ్చి ఆ గీతను దాటుతుంది. ఎండాకాలంలో అది రంధ్రానికి దగ్గరగా, చిన్నగా, దాదాపు గుండ్రంగా ఉంటుంది. చలికాలంలో గీత ఆ చివరికి వెళ్లి, కోడిగుడ్డులా సాగిపోతుంది. ఏ రోజు ఎక్కడ పడిందో గుర్తుపెడితే ఏడాది పొడవు తెలుస్తుంది. ఆ బిళ్ల సైజు కొలిచి సూర్యుడి దూరం ఎలా మారుతుందో కూడా కసీని చూశాడు, అది గ్రహాల కదలికల మీద సూత్రాలు రాసిన కెప్లర్ చెప్పినదానికి సరిపోయింది. భూమే సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్నందుకు గెలీలియో మీద చర్చి విచారణ జరిగి అప్పటికి 22 ఏళ్లే. ఊరు కూడా పోపు పాలనలోదే.

తమ్ముడు: మరి ఆర్థడాక్స్ చర్చిల్లో చాలావాటికి జనవరి 7న క్రిస్మస్?

అక్క: ఆ పాత జూలియన్ క్యాలెండర్ వదల్లేదు. తేడా ఇప్పుడు 13 రోజులు. 2025లో వాళ్ల ఈస్టరూ మనదీ ఒకే రోజు వచ్చాయి.

తమ్ముడు: ఈసారి సమాధుల దగ్గరికి వెళ్లేవాళ్లు చంద్రుణ్ని ఏ దిక్కున వెతకాలి?

అక్క: పౌర్ణమి దాటి ఒకటి రెండు రోజులే అయితే పడమర. వారం దగ్గరికొస్తే దక్షిణం.

తమ్ముడు: ఆ రోజు అమ్మకి చూపించావా?

అక్క: చూపించాను. ఒక్క క్షణం చూసి, మళ్లీ వంగి నాన్న పేరు మీద పడ్డ మైనం గోరుతో తీస్తూ, "తూర్పు ఎర్రబడుతోంది, పాట అందుకోండి" అంది.