గుండె గురించి మాట్లాడుతూ కిడ్నీల దగ్గర ఎందుకు ఆగాలి?

అందరికీ నమస్కారం. ఆదివారం పూట వైట్‌ఫీల్డ్ నుంచి, ఎలక్ట్రానిక్ సిటీ నుంచి కూడా వచ్చారు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

మన రక్తనాళాల లోపలి పొర ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం నుంచి నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును తయారుచేస్తుంది. నాళం వదులుగా ఉండేదీ, ప్లేట్‌లెట్లు గోడకి అంటుకోకుండా ఉండేదీ చాలావరకు దీనివల్లే. శాస్త్రవేత్తలు ఫర్ష్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో వైద్య నోబెల్ వచ్చింది ఈ సంగతి కనిపెట్టినందుకే. ఛాతీనొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్ర పనిచేసేదీ ఈ దారిలోనే.

ఈ తయారీకి అడ్డుపడే పదార్థం కూడా మన ఒంట్లోనే పుడుతుంది. పేరు ఏడీఎంఏ. చూడ్డానికి ఆర్జినిన్ లాగే ఉంటుంది, రెండు మిథైల్ గుంపులు అదనం, అంతే. ఆర్జినిన్ కూర్చోవాల్సిన చోట ఇది కూర్చుంటే నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేసే ఎంజైమ్ పని మందగిస్తుంది. మన సొంత ప్రొటీన్లు విరిగినప్పుడే ఇది బయటపడుతుంది కాబట్టి, ఏ కూర మానేస్తే తగ్గుతుందని అడక్కండి. దీంట్లో చాలా భాగాన్ని డీడీఏహెచ్ అనే ఇంకో ఎంజైమ్ విరగ్గొడుతుంది, మిగతాది కిడ్నీలు బయటికి పంపుతాయి.

అసలు కథ ఇక్కడుంది. కిడ్నీలు పాడైనవాళ్లలో ఇది పేరుకుంటోందని 1992లో లండన్‌లో వాలెన్స్, మొంకాడా బృందం చూపించింది. డయాలిసిస్ రోగుల్లో ఏడీఎంఏ ఎక్కువున్నవాళ్లకే గుండె జబ్బులూ మరణాలూ ఎక్కువని 2001లో ఇటలీ నుంచి జొక్కాలీ బృందం చెప్పింది. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ ఉన్నవాళ్లలోనూ ఇది పెరిగినట్టు చాలా పరిశోధనల్లో కనిపించింది. అయితే ఇది దోషా, దోషి పక్కన నిలబడ్డ సాక్షా అన్నది ఇంకా తేలలేదు, నన్నడిగితే రెండూ కొంత కొంత.

మరి ఆర్జినిన్ ఎక్కువ తీసుకుంటే దీన్ని పక్కకి నెట్టేయొచ్చు కదా? కాగితం మీద నిజమే, జిమ్ పిల్లలు డబ్బాలకు డబ్బాలు కొనేదీ ఇలాంటి నమ్మకంతోనే. 2006లో అమెరికాలో గుండెపోటు వచ్చిన 153 మంది మీద ప్రయోగం చేస్తే నాళాల బిగువు తగ్గలేదు సరికదా, ఆర్జినిన్ తీసుకున్న వైపు ఆరుగురు చనిపోయారు, ఉత్తుత్తి మందు వైపు ఒక్కరూ పోలేదు, దాంతో మధ్యలోనే ఆపేశారు. చిన్న ప్రయోగం, యాదృచ్ఛికం కూడా కావచ్చు. అయినా స్టెంట్ వేయించుకున్న మీ నాన్నగారికి ఆ పొడి మాత్రం కలిపివ్వకండి.

ఏడీఎంఏ టెస్టు కోసం ల్యాబుల చుట్టూ తిరగక్కర్లేదు, మామూలు వైద్యంలో దాని అవసరం రాదు. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు ఏడాదికోసారి కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే క్రియాటినిన్, యూరిన్ ఆల్బుమిన్ టెస్టులు చేయించుకోండి. ఈసీజీ అంటే టెన్షన్ పడి పరిగెత్తుతాం గానీ, ఈ రెంటినీ చాలామంది వాయిదా వేస్తుంటారు.