మా నాన్న అరచేతిలో రైలు పటం

(చిత్తూరులో గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఈ ముసురులో కూడా వచ్చిన మీ అందరికీ నమస్కారం.

మన దేశపు రైల్వే చరిత్రను పటంగా గీయడం గురించి మాట్లాడమన్నారు. 1853 ఏప్రిల్ 16న బొంబాయిలోని బోరిబందర్ నుంచి ఠాణేకు 34 కిలోమీటర్లు నడిచిన తొలి ప్రయాణికుల రైలు సంగతి పిల్లలకు కూడా తెలుసు. దక్షిణాదిన 1856 జులై 1న మద్రాసులోని రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు మొదటి ప్రయాణికుల రైలు నడిచింది. ఆ వాలాజా అప్పుడు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. ఆ జిల్లాకు కేంద్రం ఏ ఊరో తెలుసా? మన చిత్తూరు! 1911లో చిత్తూరు జిల్లా విడిగా ఏర్పడింది. అంటే దక్షిణాది తొలి ప్రయాణికుల రైలు మన ఊరు కేంద్రంగా ఉన్న జిల్లాకే వచ్చింది. ఈ మాట మనకు బళ్లో ఎవరూ చెప్పలేదు.

గోడకు తగిలించే పటంలో పట్టాలన్నీ ఒకేసారి పుట్టినట్టు కనిపిస్తాయి. చరిత్ర పటం అలా ఉండకూడదు. మద్రాసు నుంచి రేణిగుంట మీదుగా వెళ్లే లైను రాయచూరులో బొంబాయి లైనును కలిసింది 1871లో. 1870 పటంలో ఆ రెండింటికీ మధ్య ఖాళీ ఉండి తీరాలి. ఏ ముక్క ఎప్పుడు తెరిచారు, ఏ గేజ్ (అంటే రెండు పట్టాల మధ్య ఎంత వెడల్పు), ఎవరి చేతికింద ఉంది, ఎప్పుడు మారింది, అన్నీ ఉండాలి. మన లైనే చూడండి. 1951లో సదరన్ రైల్వే ఏర్పడి, మన లైను దాని కిందికి వచ్చింది. 1977లో మన లైనున్న గుంతకల్లు డివిజన్ సౌత్ సెంట్రల్ రైల్వేకు వెళ్లింది. పట్టాలు కదల్లేదు, పటంలో రంగు మారింది.

ఇక్కడ మా నాన్న గురించి చెప్పాలి. క్షమించండి, చెప్పకుండా ముందుకు పోలేను. ఆయన పాకాల–ధర్మవరం లైనులో పాయింట్స్‌మన్, అంటే స్టేషన్‌లో బండ్లను పట్టాలు మార్చి పంపే మనిషి. మీటర్ గేజ్ రోజులు. రెండు వైపుల బండ్లకూ ఒకటే సింగిల్ లైను కాబట్టి, టోకెన్ అనే అనుమతి గుర్తు లేకుండా డ్రైవరు ముందుకు పోకూడదు. టోకెన్ అంటే ఇనుప బంతి. దాన్ని తోలు సంచిలో పెట్టి, బెత్తపు వలయానికి కట్టి, కదులుతున్న బండిలోకి అందించాలి. చేయి ఒక్క క్షణం ఆలస్యమైతే వలయం భుజానికి తగిలేది. ఒకరోజు నాన్న ఆ బంతిని నా అరచేతిలో పెట్టాడు. చల్లగా, నా చేతికి బరువుగా ఉంది. దాని మీద రెండు స్టేషన్ల పేర్లు చెక్కి ఉన్నాయి. "ఈ రెంటి మధ్య ఇప్పుడు ఒక్క బండే ఉంటుందిరా" అన్నాడు. నేను చూసిన మొదటి రైల్వే పటం అదే.

2010 ప్రాంతానికి ఆ లైనంతా బ్రాడ్ గేజ్ అయింది. మంచిదే, నేను కాదనను. కానీ ఒక స్టేషన్‌లో, దాని పేరు చెప్పను, పాత ట్రైన్ రిజిస్టర్లను గోనె సంచుల్లో కుక్కి తూకానికి అమ్మేస్తుంటే నేను కళ్లారా చూశాను. ఏ బండి ఏ నిమిషానికి వచ్చిందో, ఏ బండి ఎందుకు ఆగిందో చేత్తో రాసిన పుస్తకాలు. ఒక్కటి ఇవ్వండయ్యా అని బతిమాలాను. రూల్ ఒప్పుకోదన్నారు. కిలోల లెక్కన అమ్మడానికి రూల్ ఒప్పుకుంది! ఇన్నేళ్లయినా ఆ గోనె సంచులు నా కళ్లముందే ఉన్నాయి.

అమ్మా, అయ్యా, అందుకే మిమ్మల్ని అడుగుతున్నా. మీ ఇళ్లల్లో పాత ట్రంకు పెట్టెలుంటాయి. అట్ట టికెట్ ముక్క దొరికినా తెండి. దాని మీద ఊరి పేరు, తేదీ ఉంటాయి. పాత టైమ్‌టేబుల్, రైల్వే పాసు, ప్లాట్‌ఫారం మీద దిగిన పెళ్లి ఫొటో, ఏదైనా సరే. వెనకాల స్టేషన్ బోర్డు కనిపిస్తే చాలు. ఇక్కడే స్కాన్ చేసి అప్పుడే మీ చేతికిచ్చేస్తాం. ఎత్తేసిన హాల్టుల పేర్లు ఏ ఆఫీసులో దొరుకుతాయో గానీ, మీ నోట తప్పకుండా దొరుకుతాయి.

ఇంకా రెండు పేజీలు రాసుకొచ్చాను. మూడో వరుసలో పెద్దాయన చాలాసేపటి నుంచి చెయ్యెత్తి ఉన్నారు. చెప్పండి సార్, మీది ఏ స్టేషన్? అక్కడినుంచి వినపడదు, మైకు దగ్గరికి రండి. బాబూ, ఆయన చెప్పేది రాసుకో.