సంచి కుట్టులో నాలుగు గుళికలు

తమ్ముడు: నమస్కారం. ఈ రోజు సేంద్రియ రైతులు ఉత్పత్తిదారుల సంఘం పెట్టుకుంటే వచ్చే లాభాల గురించి మాట్లాడుకుందాం. అక్కా, నువ్వు మొదలుపెట్టు.

అక్క: లాభాలు చెబుతాను, విను. పంట సేంద్రియమేనని బయటి సంస్థ ఇచ్చే ధ్రువీకరణ ఖర్చు అందరూ పంచుకుంటారు. పది బస్తాల కోసం రాని వ్యాపారి లారీ నిండా సరుకు ఉందంటే వస్తాడు. తూకం మన కళ్లముందే జరుగుతుంది. గింజలు శుభ్రంచేసే యంత్రం ఒక్క రైతు కొనలేడు, నలభై మంది కలిస్తే కొనగలరు. ఇక సంచి సంగతికి వస్తాను.

తమ్ముడు: అప్పుడే సంచి దగ్గరికి వచ్చేశావా?

అక్క: మరి సంఘం నిలబడేది, కూలేది అక్కడే కదా. మా సంఘంలో ఒక పెద్దాయన ఉన్నారు. తొమ్మిదేళ్లుగా పొలంలో రసాయనం చుక్క వేయలేదు. ఆయన సరుకు గోదాముకు వచ్చినప్పుడు ఒక సంచి లోపలి వైపు తిప్పి చూశాను. కుట్టు మడతలో నాలుగు తెల్లని గుళికలు కనిపించాయి. పాత యూరియా సంచి! మూడుసార్లు ఉతికి ఆరబెట్టానన్నారు. అబద్ధం కాదు, బట్ట మెత్తబడిపోయి ఉంది.

తమ్ముడు: అయినా సభ్యత్వం రద్దు చేయాల్సిందే.

అక్క: ఎందుకు?

తమ్ముడు: సంఘం మొత్తానికి కలిపి ఇచ్చే సామూహిక ధ్రువీకరణ నడిచే తీరు అలాంటిది కనుక. 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ఐరోపా సమాఖ్య నిబంధనలే తీసుకో. సంఘంలో 2,000 మందికి మించి ఉండకూడదు. ప్రతి సభ్యుడి పొలాన్నీ ఏటా సంఘమే తనిఖీ చేసుకోవాలి. బయటి ధ్రువీకరణ సంస్థ మళ్లీ చూసేది కనీసం 5 శాతం మందిని. మిగతావారి విషయంలో మన తనిఖీ రాతను నమ్ముతుంది. ఆ రాత తప్పని తేలితే ఒక్కరితో పోదు, ధ్రువీకరణ అందరికీ పోవచ్చు.

అక్క: రాత తప్పని తేలితే కదా? నేను దాచలేదు. ‘కుట్టు మడతలో 4 గుళికలు’ అని రిజిస్టరులో రాశాను. ఆ సరుకు మొత్తం పక్కన పెట్టించి, మామూలు పంటగా అమ్మించాం. ధ్రువీకరణ సంస్థకూ తెలియజేశాం.

తమ్ముడు: శిక్ష లేకపోతే రేపు ఇంకొకరు అదే పని చేస్తారు.

అక్క: సేంద్రియ ధర పోవడం శిక్ష కాదా? ఆయనను గెంటేస్తే రేపు ఇంకొకరు ఆ పని చేయడం మానరు, నాకు కనపడకుండా చేస్తారు. పక్క పొలంలో మందు కొట్టిన రోజు గాలి ఎటు వీచిందో నాకు చెప్పేది సభ్యులే, తమ్ముడూ. వాళ్లు భయపడి నోరు మూసుకుంటే నా తనిఖీకి విలువ ఏముంది?

తమ్ముడు: నువ్వు మనుషుల వైపు నుంచి చూస్తున్నావు.

అక్క: పొలాలు డైరీలు రాయవు, మనుషులే రాస్తారు. వార్షిక పంటలకు మార్పిడి కాలం రెండేళ్లు. ఆ రెండేళ్లూ సేంద్రియ పద్ధతిలో పండించాలి, ఆ ధర మాత్రం రాదు. అప్పుడు ఒంటరిగా ఉన్నవాడు విసిగి వదిలేస్తాడు. ఆ గడ్డుకాలంలో ఎంతోమందిని నిలబెట్టింది ఈ పెద్దాయనే. ఎరువు కుప్ప ఎప్పుడు తిరగేయాలో నాకు నేర్పిందీ ఆయనే.

తమ్ముడు: ఆ సంగతి నాకు ఎప్పుడూ చెప్పలేదు.

అక్క: ఆ తర్వాత రెండు సమావేశాలకు ఆయన రాలేదు. ఆ సంచి తిప్పినప్పుడు పదిమంది చుట్టూ ఉన్నారు. పక్కకు పిలిచి చూపించి ఉండాల్సింది. నా బాధ అదే.

తమ్ముడు: సరే, రద్దు మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ సంచులు సంఘమే కొని ఇవ్వాలి.

అక్క: చూశావా, చివరికి నువ్వూ సంచి దగ్గరికే వచ్చావు! ఈ ఏడాది మొదటి ఖర్చు అదే, తీర్మానం చేశాం.

తమ్ముడు: ఆయన పొలం తనిఖీకి ఎవరు వెళ్తున్నారు?

అక్క: గురువారం నేనే వెళ్తున్నాను. నువ్వూ రా, డైరీ చూద్దువుగాని. అక్కడ మాత్రం నిబంధనలు చదవకు.

తమ్ముడు: చదవను. అక్కా, ధర పెరిగినప్పుడు సభ్యులు బయట అమ్ముకుంటే ఏం చేయాలని శ్రోతలు అడిగారు, అది మిగిలిపోయింది.

అక్క: అది ఇప్పుడు మొదలుపెడితే తెల్లారిపోతుంది. వచ్చే వారం చూద్దాం.